వాపసమ్మ కోపం, గుసగుస జవాబు

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది గుర్తింపు కార్డు మీద భద్రంగా ఉంది. అంతకు మించి దానికి పనేమీ లేదు. తెలిసినవాళ్లందరికీ ఆమె గుసగుస. కూరగాయల బండి అతను కూడా "ఏం కావాలి గుసగుసమ్మా?" అనేవాడు. ఆమె చెప్పేది. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అనేవాడు. ఆమె మళ్లీ చెప్పేది. చివరికి వేలితో చూపించి తెచ్చుకునేది.

ఆ పేరు పనిని బట్టి వచ్చింది. ఆమె ఒక నాటక సమాజంలో ప్రాంప్టర్‌గా వయసంతా గడిపింది. పక్కతెర వెనక ముక్కాలి పీట మీద కూర్చుని, ఒళ్లో నాటకం ప్రతి, చేతిలో చిన్న టార్చిలైటు పెట్టుకుని, మాట మరిచిపోయిన నటుడికి మాట అందించడం ఆమె పని. లోకంలో కొన్ని పాత నాటకశాలల్లో ఈ పని చేసేవారికి వేదిక అంచున ఒక గొయ్యి తవ్వి, పైన తాబేటి డిప్ప లాంటి మూత పెట్టేవారు. లోపలి మనిషి నటులకి కనిపిస్తాడు, జనానికి డిప్ప ఒక్కటే కనిపిస్తుంది. రాజులూ సేనాపతులూ ప్రేమికులూ అందరూ ఆ డిప్ప వైపు దొంగచూపులు చూసుకుంటూనే భీకరమైన శపథాలు చేసేవారు. ఎక్కడైనా ఈ పని గుట్టు ఒకటే. గొంతు నటుడి చెవి దాకా వెళ్లాలి, మొదటి వరస దాకా వెళ్లకూడదు. అంతకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. నటుడు కావాలని ఆగాడా, మరిచిపోయి ఆగాడా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. కావాలని ఆగినవాడికి మాట అందిస్తే వాడి నటన పాడు. మరిచిపోయినవాడికి అందించకపోతే నాటకమే పాడు. ఎలా కనిపెడతావని ఎవరైనా అడిగితే గుసగుస "భుజాలు చూసి" అనేది. మరిచిపోయినవాడి భుజాలు ఒక్క పిసరు చెవుల వైపు లేస్తాయట.

సమాజం మూతపడింది. నాటకాలాడిన హాల్లో ఇప్పుడు సోఫాలూ మంచాలూ అమ్ముతున్నారు. ఆ నాటకాలకే దీపాలు చూసుకునే ఆమె భర్త అంతకు ముందే పోయాడు. పిల్లల్లేరు. ఏం చెయ్యాలో తోచక కూర్చున్న రోజుల్లో ఒకావిడ వచ్చి గది తలుపు తట్టి, "సామాను సర్దుకో. మరీ ఎక్కువ తేకు, నా దగ్గర అన్నీ ఉన్నాయి" అంది. ఆవిడ గుసగుస ఆడపడుచు, భర్తకి స్వయానా అక్క.

ఈ ఆడపడుచుని వీధిలో వాపసమ్మ అంటారు. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా గుడ్డ తానులు, పొడుగాటి కత్తిరింపు బల్ల, కుట్టుమిషను. కర్టెన్లు కుట్టి బతుకుతుంది. కొన్న వస్తువు ఏదైనా సరే, ఒక్కసారన్నా దుకాణానికి వాపసు తీసుకెళ్లందే ఆవిడకి మనసు కుదుటపడదు. గొడుగు తీసుకెళ్లింది, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లింది, ఒకసారి గోడ గడియారం కూడా తీసుకెళ్లింది, అది మరీ తొందరపడుతున్నట్టు కొట్టుకుంటోందని. పెళ్లి చేసుకోలేదు. "చేసుకునుంటే ఆయన్ని పట్టుకెళ్లి వాళ్లమ్మకి అప్పజెప్పి వచ్చేదాన్ని. ఎందుకా తిరుగుడు?" అని తనే నవ్వేది.

అలాంటి మనిషి గుసగుసని మాత్రం వాపసు పంపలేదు. వంక పెట్టని రోజు లేదు, పంపాలన్న ఊసూ లేదు.

అయితే వేరే ఊళ్లో గుసగుసకి ఒక తమ్ముడున్నాడు. మంచివాడు. చిక్కంతా అక్కడే, చెడ్డవాడైతే కాదనడం తేలిక. "బావే పోయాక ఇంకా ఆడపడుచు పంచన ఏంటక్కా? నీకు నేను లేనా? ఆవిడ మాత్రం ఎన్నాళ్లని మోస్తుంది?" అని ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు. ఆ చివరి మాట ఆమెకి ముల్లులా గుచ్చుకునేది. తను భారమేమోనన్న అనుమానం ఆమెకీ ఉంది. వదినని అడగలేదు. అడిగితే ఆవిడ "అవును" అంటుందని కాదు భయం, మొహమాటానికి "కాదు" అంటుందేమోనని. అందుకని తమ్ముడితో ఒక మాట అనుకుంది: ఈ నెలాఖరులోగా ఉద్యోగం దొరికితే ఇక్కడే ఉంటుంది, దొరక్కపోతే వాళ్లింటికి వెళ్లిపోతుంది. ఆ సంగతి వాపసమ్మకీ చెప్పింది. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుచ్చిళ్లు సర్దుతోంది. "ఊఁ" అంది, అంతే.

యాభై దగ్గరపడిన మనిషికి, ఎదురుగా ఉన్నవాడికే వినపడని గొంతుకి, ఉద్యోగం ఎవరిస్తారు? ఒకచోట కూర్చోమనకుండానే పంపేశారు. ఇంకోచోట పేరు నాలుగుసార్లు అడిగి విసుక్కున్నారు. చివరికి వాషింగ్ మెషీన్లూ ఫ్రిజ్‌లూ అమ్మే ఒక కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి ఫోనొచ్చింది. కస్టమర్ సర్వీస్ కౌంటర్లో ఒక్క ఖాళీ ఉంది, ఇంటర్వ్యూకి రండి, అందులో రోల్ ప్లే ఉంటుంది అన్నారు.

"రోల్ ప్లే అంటే?" అంది వాపసమ్మ.

"వేషం కట్టడం లాంటిదే, వదినా."

"ఏం వేషం? రాణీయా, రాక్షసా?"

"అదేం కాదు. ఒకళ్లు కోపంగా వచ్చిన కస్టమరు, ఇంకొకళ్లు కౌంటర్లో మనిషి. ఆ కోపాన్ని చల్లార్చాలి."

వాపసమ్మ కత్తెర కింద పెట్టింది. ఆవిడ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "అంటే నువ్వు తయారవ్వడానికి కోపమొచ్చిన కస్టమరు కావాలి. పిచ్చిమొహమా, దివిటీ పట్టుకుని వెతికినా నాకంటే మంచిది దొరుకుతుందా నీకు?"

ముందు అసలుది చూడాలి, ఆ తర్వాతే నటించాలి అని తీర్మానించింది. మర్నాడు కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ కెటిల్ సంచిలో వేసుకుని, మరదల్ని వెంటబెట్టుకుని బజారుకి బయల్దేరింది. దుకాణంలో వాపసులు చూసే కౌంటర్లో బట్టతల గుమస్తా ఒకడున్నాడు. ఆవిణ్ణి గుమ్మంలో చూడగానే ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు.

"రండమ్మా. ఈసారి ఏమైంది?"

"ఏమవ్వాలి? నీళ్లు కాగేటప్పుడు గురక పెడుతోంది. ఇంట్లో మగాడు లేడని హాయిగా ఉన్నదాన్ని, డబ్బులిచ్చి మరీ గురక కొనుక్కున్నానా?"

గుమస్తా నవ్వలేదు. కెటిల్‌ని రెండు చేతులా అందుకున్నాడు. "పొద్దున్నే ప్రశాంతంగా టీ తాగుదామంటే ఈ గోలేంటని మీకు చిరాకేసింది. అంతేనా అమ్మా?"

"అంతే మరి!" అంది వాపసమ్మ. కానీ ఆ "అంతే"లో అప్పుడే సగం వేడి దిగిపోయింది.

అడుగున పేరుకున్న తెల్లటి పొరని గుమస్తా నిమ్మకాయ ముక్కతో కడిగి చూపించాడు. గురక తగ్గింది. వాపసమ్మ ఓడిపోయినట్టు కాకుండా, పోనీలే అని వదిలేసినట్టు తల ఎగరేసి బయటికి నడిచింది. గుసగుస వెనకే ఉండిపోయి, ఇలా ఎలా చెయ్యగలిగారని అతన్ని అడిగింది. అతనికి రెండోసారికి వినపడింది.

"పెద్ద విద్యేం కాదమ్మా. వాళ్ల బాధని ముందు మన నోటితో ఒకసారి చెప్పాలి. తప్పెవరిదన్నది తర్వాత సంగతి. ఇంకోటి, వస్తువుని చేతిలోకి తీసుకోవాలి. బల్ల మీద అలా వదిలేశామనుకో, వాళ్లకి ఇంకా మండుతుంది."

ఆ మధ్యాహ్నం నుంచి కత్తిరింపు బల్ల కౌంటరయింది. మొదటి చిక్కు గొంతు. గుసగుస ఏం చెప్పినా వాపసమ్మ మిషను తొక్కుతూనే "వినపళ్లా" అనేది. ఇలా లాభం లేదని మేడ మీదకి తీసుకెళ్లింది. ఒక కొసన నీళ్ల ట్యాంకు పక్కన గుసగుస నిలబడింది. ఇంకో కొసన దుప్పట్లు ఆరేస్తూ వాపసమ్మ. నాటకాల్లో మాట కడుపులోంచి రావాలని ఆమె ఎంతమంది నటులు చెప్పుకోగా వినలేదు! ఆ మాటలన్నీ ఇప్పుడు తన కోసం గుర్తు చేసుకుంది. కడుపు బిగించి, కళ్లు మూసుకుని, "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నామండీ!" అని అరిచింది. పక్క మేడ మీద బట్టలు ఉతుకుతున్న ఆవిడ తలెత్తి, "పర్లేదమ్మా, నాకేం ఇబ్బంది కలగలేదు" అంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. అలాంటి పొరపాటు ప్రాంప్టర్లే చేస్తారు.

"మా ఫ్రిజ్ ఆగిపోయి రెండ్రోజులైంది" అని వాపసమ్మ బల్ల మీద చరిచింది. "పాలు విరిగాయి, కూరలు కుళ్లాయి. రమ్మంటే ఒక్కడూ రాడు. మీదొక కంపెనీయా? అదొక... అదొక..." ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"దగాకోరు ముఠా" అంది గుసగుస మెల్లగా.

"దగాకోరు ముఠా! మిమ్మల్నందర్నీ తీసుకెళ్లి... ఏమే! నిన్ను తిట్టడానికి నువ్వే మాటలందిస్తావేంటే?"

"అలవాటు, వదినా. నోరు దానంతటదే..."

"కౌంటర్లో కూర్చుని ఇదే పని చేశావనుకో, వచ్చినవాడు ఫ్రిజ్ సంగతి మర్చిపోయి నిన్నే ఇంటికి తీసుకుపోతాడు, పెళ్లాంతో పోట్లాడేటప్పుడు పక్కన నిలబెట్టుకోవడానికి."

గుసగుస నోట్లో పిప్పరమెంటు బిళ్ల పెట్టుకుని చూసింది. తిట్టు పిప్పరమెంటు వాసనతో వచ్చింది. చేతులు ఒళ్లో గట్టిగా పట్టుకుని చూసింది, పెదవులు వాటి పని అవి చేసుకుపోయాయి. వాపసమ్మ కావాలని మధ్యమధ్యలో ఆగి, మరదలి మూతి వంక గద్దలా చూసేది. "కదిలింది! మళ్లీ మొదటి నుంచి." ఫ్రిజ్ నుంచి ఫ్యాన్‌కి, ఫ్యాన్ నుంచి మిక్సీకి మారింది. ఒకరోజు ఏ వస్తువూ లేకుండా ఉత్త కోపంతోనే వచ్చింది. లోకం చుట్టి వచ్చినవాళ్లకి తెలుసు, భాష ఏదైనా కోపం నడక ఒకటే. ముందు వస్తువు మీద మొదలవుతుంది, తర్వాత మనిషి మీదకి వస్తుంది, ఆఖరున "నా మాట వినేవాళ్లే లేరు" అన్న చోట ఆగి కూలబడుతుంది. రైలు టికెట్ల కిటికీల దగ్గరైనా, ఓడరేవుల్లో సుంకం బల్లల దగ్గరైనా, ఆసుపత్రి వరండాల్లోనైనా ఇదే దారి. వాపసమ్మకి ఈ దారిలో ప్రతి రాయీ తెలుసు. అడ్డదారులు కూడా తెలుసు.

క్రమంగా గుసగుస పెదవులు ఆగాయి. వదిన ఆగినప్పుడు తనూ ఆగి, ఊపిరి పీల్చి, "పాలు విరిగాయి, కూరలు కుళ్లాయి, పైగా ఒక్కళ్లూ రాలేదు. ఎవరికైనా ఒళ్లు మండుతుందమ్మా" అని గట్టిగా, నిదానంగా చెప్పగలిగింది. వాపసమ్మ గదికి అవతల నుంచి "వినపడింది" అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం గుసగుస ఒక సంగతి గమనించింది. తానులు విప్పకుండా అలాగే ఉన్నాయి. ఇవ్వాల్సిన కర్టెన్లు ఇవ్వలేదని ఎవరో మెట్ల మీద నుంచి గొడవపడి వెళ్లారు కూడా. వాపసమ్మ ఉప్పు వేసిన వేడి నీళ్లు పుక్కిలిస్తోంది. రోజుల తరబడి తిట్టి తిట్టి ఆవిడ గొంతు బొంగురుపోయింది. గుసగుసకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె జీవితమంతా ఎవరెవరి మాటలో గుర్తుపెట్టుకుని, ఎవరెవరికో అందించింది. తన మాట బయటికి రావాలని ఒళ్లు దాచుకోకుండా కష్టపడిన మనిషి ఇదివరకు లేదు. ఆ మాటే చెబుదామని నోరు తెరిచింది. "ఏంటి చూపు? వెళ్లి పడుకో. రేపు కళ్లు ఉబ్బితే ఏడ్చొచ్చావనుకుంటారు" అంది వాపసమ్మ.

మర్నాడు సర్వీస్ సెంటర్ మూడో అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీల వరసలో ఆమె కూర్చుంది. పక్కన ఒక చిన్నది. కాళ్లకి ఎవరివో బూట్లు, నడిస్తే టపటపలాడుతున్నాయి. అందరూ ఆ చప్పుడు వైపే చూస్తున్నారు, ఆ పిల్ల ముఖం ఎర్రబడిపోతోంది. ఇద్దరిద్దర్ని లోపలికి పిలిచారు. గుసగుసకి జతగా ఆ బూట్ల పిల్లే వచ్చింది. బల్ల వెనక కళ్లజోడు తల మీదకి తోసుకున్న అధికారిణి ఒకావిడ, రాసుకునే గుమస్తా ఒకాయన. ఒకసారి ఒకరు కస్టమరు, ఇంకొకరు కౌంటరు, తర్వాత మార్చుకోవాలి. ఉద్యోగం ఒక్కటే ఉందని మరోసారి గుర్తు చేశారు.

ముందు ఆ పిల్ల కస్టమరు. "మా వాషింగ్ మెషీన్ ఆగిపోయిందండీ. బట్టలు లోపలే... తలుపు రావట్లేదు..." అని ఆగిపోయింది.

గుసగుస పెదవులు బిగించింది. వదిన గద్దచూపు గుర్తు తెచ్చుకుంది. ఒక్క క్షణం గడిచింది. అప్పుడు ఆ పిల్ల భుజాలు కనిపించాయి. అవి ఒక్క పిసరు చెవుల వైపు లేచాయి.

ఇక ఆమె చేతిలో ఏమీ లేదు. "రేపు ఊరెళ్లాలి, ఉన్న బట్టలన్నీ అందులోనే" అన్న మాట బల్ల దాకా వెళ్లకుండా, ఆ పిల్ల చెవి దాటకుండా వెళ్లింది.

"రేపు ఊరెళ్లాలి! ఉన్న బట్టలన్నీ అందులోనే ఉన్నాయి!" అంది పిల్ల, మునుగుతున్నవాళ్లకి తాడు దొరికినట్టు. ఆ పైన తనే అందుకుంది, కోపం కూడా తెచ్చుకుంది. గుసగుస, ఎదుట లేని వస్తువుని రెండు చేతులా అందుకున్నట్టు ముందుకి వంగి, "ఊరికెళ్లే ముందు ఇలా అయితే ఎంత కంగారుగా ఉంటుంది!" అని మొదలుపెట్టి, గది నిండా వినపడేలా జవాబు చెప్పింది. అధికారిణి తలాడించింది.

ఇప్పుడు మార్చుకున్నారు. గుసగుస కస్టమరు. నోరు తెరిచిందో లేదో, లోపల్నుంచి వాపసమ్మ వచ్చేసింది. "మీదొక కంపెనీయా? ఇంట్లో పసివాడికి పాలు దాచుకోవడానికి దిక్కులేకుండా చేశారు కదా!" గుమస్తా కలం జారి కింద పడింది. బూట్ల పిల్ల కొయ్యబారిపోయింది. గుసగుస ఇంకో మాట అరిచి, ఆ అరుపు గాల్లో ఉండగానే గొంతు తగ్గించి, "పసివాడున్న ఇల్లు, మీ కంగారు నాకర్థమైంది అను" అంది. పిల్ల అంది. మళ్లీ అరుపు, మళ్లీ గుసగుస. తను తిడుతోంది, తనే ఓదార్చుకుంటోంది.

అధికారిణి కళ్లజోడు దించి పెట్టుకుంది. "ఆగండి. అమ్మా, మీరు ఎవరి పక్షం?"

గుసగుస ముఖం పాలిపోయింది. "నాటకం ఆగిపోకూడదని... అలవాటండీ."

"ఇది పోటీ అన్న సంగతి గుర్తుందా?"

"ఉందండీ. ఆ పిల్ల ఆగేదాకా గుర్తుంది."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత ఆ పిల్లని ఒంటరిగా, గుమస్తా కస్టమరుగా, మళ్లీ చేయించింది. ఈసారి పిల్ల తడబడలేదు. సొంత మాటలే, చక్కగా వచ్చాయి. ఉద్యోగం ఆ పిల్లకి ఇచ్చారు. "మీ గొంతు బావుందమ్మా, మీ కోపం ఇంకా బావుంది. కానీ ఈ కౌంటర్లో మమ్మల్ని తిట్టే మాటలు మీరే వచ్చినవాళ్లకి అందిస్తే కష్టం కదా" అంది అధికారిణి, మర్యాదగానే. గుసగుస దణ్ణం పెట్టి లేచింది.

మెట్ల మీద బూట్లు టపటపమంటూ వెనకే వచ్చాయి. "ఆంటీ! నావల్లే మీకు..."

"నీవల్ల కాదమ్మా. రెండోసారి నీకెవరూ అందించలేదు, చూశావా? అది నీది." ఆ మాట అంటుంటే, తెర పడ్డాక నటుడు ఊపిరి పీల్చుకుంటే తనకి కలిగే సంతోషమే గుసగుసకి కలిగింది. దిగులు తర్వాత వచ్చింది, బస్సులో. తమ్ముడు గుర్తొచ్చాక.

దారిలో బజారు దగ్గర దిగింది. బట్టతల గుమస్తా ఆమెని చూసి, వెంటనే ఆమె వెనక్కి చూశాడు.

"ఆవిడ రాలేదు, భయపడకండి" అంది గుసగుస. "మీరు చెప్పినట్టు చేస్తే బాగా కుదిరింది. అది చెప్పి పోదామని వచ్చా."

"ఉద్యోగం వచ్చిందా?"

"రాలేదు. కానీ కుదిరింది."

ఈసారి గుమస్తా నవ్వాడు. ఈ కౌంటర్ దగ్గరికి వస్తువు లేకుండా వచ్చిన మొదటి మనిషి మీరేనమ్మా అన్నాడు.

ఇంటి దగ్గర వాపసమ్మ కథంతా విని, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఉద్యోగానికి వెళ్లావా, దానధర్మాలకి వెళ్లావా? నేను గొంతు చించుకున్నది బూట్ల పిల్ల కోసమా?" బొంగురు గొంతుతోనే కడిగి పారేసింది. గుసగుస అన్నీ విన్నది, ఒక్క మాటా అందించలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. ఈ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ వాపసమ్మే తీస్తుంది. ఇవాళ పేరు చూసి, మరదలి వైపు తోసి, వెళ్లి మిషను ముందు కూర్చుని గబగబా తొక్కడం మొదలుపెట్టింది.

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు.

"రాలేదురా."

"పోనీలే. ఆదివారం వచ్చి తీసుకెళ్తా. సామాను సర్దుకో."

గుసగుస వదిన వైపు చూసింది. మిషను ఆగింది. వాపసమ్మ వీపు ఇటు ఉంది. సూది కింద గుడ్డ లేకుండానే ఇంతసేపూ తొక్కిందని గుసగుసకి అప్పుడు కనిపించింది. ఆవిడ ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అయితే భుజాలు మాత్రం చెవుల దాకా లేచి ఉన్నాయి.

"నేను రానురా" అంది గుసగుస. "ఉద్యోగం వస్తేనే ఉంటానన్నాను చూడు, ఆ మాటే తప్పు. వచ్చినా రాకపోయినా ఇక్కడే ఉంటా. వెతుక్కుంటూనే ఉంటా. వదిన నన్ను మోస్తోందని అనుకున్నా ఇన్నాళ్లూ. నాకోసం పని మానుకుని గొంతు పోయేదాకా తిట్టిందిరా. బరువనుకున్న మనిషి కోసం అంత కష్టం ఎవరూ పడరు."

"అక్కా, ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సొచ్చింది" అన్నాడు తమ్ముడు. గొంతులో కోపం లేదు, కొంచెం ఆశ్చర్యం ఉంది. "సరే. నీకక్కడే బావుంటే అక్కడే ఉండు. చూడ్డానికైనా వస్తావా?"

"వస్తా. ఇద్దరం వస్తాం."

"నన్నడక్కుండా నా తరఫున మాటిస్తావేంటే?" అంది మిషను దగ్గర నుంచి వాపసమ్మ, వెనక్కి తిరక్కుండా. ముక్కు చీదుకుంది. "గుడ్డ తీసుకురా. ఆ నీలం తాను. పాపం, కర్టెన్లు లేక నిన్న అరిచి వెళ్లినవాళ్ల కిటికీలు బోసిగా ఉన్నాయట. ముందు అవి పూర్తి చేద్దాం."

గుసగుస తాను దించింది. ఒక కొస వదిన పట్టుకుంది, ఇంకో కొస తను పట్టుకుని గది చివరిదాకా వెళ్లింది. "ఇక్కడికి సరిపోయిందా?" అని అక్కడి నుంచే గట్టిగా అడిగింది.